కిర్రుమనే మందుల పెట్టె

మా చెల్లెలి ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు కుర్చీ చూపించినా కూర్చోరు. నిలబడి చుట్టూ చూస్తారు. "ఎంత ముచ్చటగా పెట్టుకున్నారండీ" అంటారు కొందరు. "ఇన్ని పెట్టెల్లో ఏం దాచారండీ?" అంటారు ఇంకొందరు. ఈ రెండో రకం వాళ్ళకి జవాబు చెప్పే పని నాది. "మా మరిదిగారి కోపం దాచాం, మూత తియ్యకండి" అంటాను. నిజానికి ఒక్కదాంట్లో తప్ప మిగతా వేటిలోనూ ఏమీ లేదు. ఆ ఒక్కదాని సంగతి తర్వాత చెప్తాను.

చెల్లెల్ని మేం పొట్టిది అంటాం. పేరు ఒకటుంది గానీ పెట్టినవాళ్ళే దాన్ని ఎప్పుడూ వాడలేదు. దాని మొగుడు నిచ్చెన. దుకాణాలకి బోర్డులు రాసేవాడు. నిచ్చెన ఎక్కి రాసేవాడు కాబట్టి ఆ పేరొచ్చిందో, నిచ్చెన అక్కర్లేనంత పొడుగు కాబట్టి వచ్చిందో నాకు తెలీదు. పెళ్ళిలో ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే ఫోటో తీసేవాడికి చెమటలు పట్టాయి. ఆయన తల పడితే దీని మెడ దాకానే పడుతోంది, ఇది మొత్తం పడితే ఆయన తల ఎగిరిపోతోంది. చివరికి దీన్ని పీట ఎక్కించారు. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ గోడకి ఉంది. ఎంత వెతికినా పీట కనబడదు. కుచ్చిళ్ళు అలా పరిచి పీటని మాయం చేసింది. అంటే దీనికి సర్దడం ఎవరూ నేర్పలేదు, పుట్టుకతో వచ్చింది.

నిచ్చెన చేతి పనితనం గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఆయనకి కోపం. సుద్ద దారం లాగకుండా, స్కేలు ముట్టకుండా గోడ మీద గీత గీస్తే దాని మీద గోళీ పెట్టినా దొర్లదన్నట్టుండేది. వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా ఆయన రాసిన బోర్డులే. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. మిషను ఒక పక్కనుంచి గుడ్డ మింగి ఇంకో పక్కనుంచి బోర్డు కక్కుతుంది. బోర్డులు రాసేవాళ్ళంతా కుంచెలు కడిగి అటక మీద పెట్టేశారు. అది చాలదన్నట్టు కన్నకొడుకు పోయి ఫ్లెక్సీల దుకాణంలోనే పనికి కుదిరాడు. "నా కూడు మింగిన మిషనుకి మావాడే మేత వేస్తున్నాడు వదినా" అని నవ్వేవాడు నాతో. నవ్వేవాడే, ఏడ్చేవాడు కాదు. అది నాకు నచ్చేది.

ఇంట్లో పొయ్యి వెలగాలి కదా, పొట్టిది పాత సామాన్ల కొట్టులో చేరింది. పాత ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు సామానంతా గంపగుత్తగా కొనుక్కొచ్చి అమ్మే కొట్టది. గడియారాలు, లాంతర్లు, ముఖం సరిగ్గా చూపించని అద్దాలు, చెక్క పెట్టెలు, రేకు డబ్బాలు. దీని పని దుమ్ము దులపడం, ఇత్తడి తోమడం, చెక్కకి నూనె పట్టించడం. కొట్టాయన మంచివాడే గానీ తుమ్ములు ఎక్కువ. పాత సామాన్లు అమ్ముకునేవాడికి దుమ్ము పడకపోవడం ఏం ఖర్మో.

ఆ కొట్టు బోర్డు నిచ్చెన రాసిందే. అదే ఆయన రాసిన ఆఖరి బోర్డు. కింద రంగు డబ్బా పట్టుకుని పొట్టిది నిలబడి ఉంది. మొదటి అక్షరాలు ఎప్పట్లాగే నిక్కచ్చిగా పడ్డాయి. సగం దాటాక గీత కిందికి జారడం మొదలుపెట్టింది. చివరి అక్షరం మెట్టు దిగుతున్న ముసలమ్మలా ఒరిగింది. ఆయన దిగొచ్చి, కుంచె తుడుచుకుంటూ, "ఎలా వచ్చింది?" అన్నాడు.

"బాగా వచ్చింది" అంది ఇది.

కొట్టాయన బయటికొచ్చి తలెత్తి చూసి నోరు తెరిచాడు. ఇది ఆయన వైపు ఒక చూపు చూసి, "పాత సామాన్ల కొట్టుకి బోర్డు మరీ కొత్తగా, తిన్నగా ఉంటే ఎవరు నమ్ముతారండీ? ఇలాగే ఉండనివ్వండి" అంది. ఆయన తుమ్మి లోపలికెళ్ళిపోయాడు. ఆ బోర్డు ఇప్పటికీ అలాగే ఉంది.

దాని తర్వాతే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. కంటి వెనక నరం ఎండిపోతోందట. పోయిన చూపు రాదు, చుక్కల మందు వేసుకుంటూ ఉంటే ఉన్నది కొన్నాళ్ళు ఆగుతుంది. వచ్చే దారిలో ఆయన ఒక్క మాటే అన్నాడట. "ఎవరికీ చెప్పకు. వాడికి అసలే చెప్పకు."

వాడంటే కొడుకు. ఎందుకు చెప్పొద్దన్నాడో మాకు తెలుసు. నిచ్చెన తండ్రికి కూడా చివర్లో చూపు పోయింది. మంచి బలమైన మనిషి, నడవగలడు, పని చేసుకోగలడు. కానీ ఇంట్లో వాళ్ళంతా ప్రేమ కొద్దీ, "నువ్వు కదలకు, కూర్చో, మేం తెస్తాం" అని కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టిన మనిషి మళ్ళీ లేవలేదు. గ్లాసు కూడా ఎవరో నోటి దాకా తేవాల్సి వచ్చేది. నిచ్చెన అది కళ్ళారా చూశాడు. ఆయనకి చీకటంటే అంత భయం లేదు, ఆ కుర్చీ అంటేనే భయం.

నాకు పొట్టిదే చెప్పింది. నా నోరు ఆగదని తెలిసి కూడా ఎందుకు చెప్పావే అంటే, "చెప్పకపోతే నువ్వే కనిపెట్టి నలుగురిలో అడిగేస్తావక్కా. ఇప్పుడు చెప్పేశాను కాబట్టి మూసుకుని ఉండు" అంది. చిన్నదానికి ఎంత పొగరో చూడండి. మూసుకునే ఉన్నాను.

ఆ తర్వాతే ఇంట్లోకి పెట్టెలు రావడం మొదలైంది.

కొట్టులో ఎవరూ కొనని పెట్టెలు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. మూత బిగిసిపోయింది ఒకటి, కాలు విరిగింది ఒకటి, తాళం ఉండి చెవి లేనిది ఒకటి. కొట్టాయన అవి దీనికి ఇచ్చేసేవాడు. ముందుగా వచ్చింది ఒక పాత గల్లాపెట్టె. ఏటవాలు మూత, మూలలకి ఇత్తడి తొడుగులు. దాన్ని వీధి గుమ్మం పక్కన ఒక ఎత్తు బల్ల మీద పెట్టింది. లోపలికొచ్చి కుడి చెయ్యి వదిలేస్తే వేళ్ళు ఆ ఇత్తడికి తగులుతాయి. దీని వేళ్ళు కావు, ఆయన వేళ్ళు. అక్కణ్ణించి ముందు గది మలుపు దగ్గర గోడకి ఒక చిన్న చెక్క అర కొట్టించి, దాని మీద రేకు డబ్బా పెట్టింది. డబ్బా మీద పడవ బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటుంది, తడిమితే తెరచాప తెలుస్తుంది. ఆ అర దీని తల కంటే ఎత్తు. దుమ్ము దులపాలంటే స్టూలెక్కాలి. "నీకందని చోట పెట్టుకోవడం ఏం అందమే?" అని చుట్టాలు వెక్కిరిస్తే, "అందనిదే అందం" అనేసేది. నడవలో ఫిడేలు పెట్టె, ఫిడేలు లేదు. వంటింటి గుమ్మానికి ఇవతల కుట్టుమిషను మీద బోర్లించే గుండ్రటి చెక్క మూత, మిషను లేదు. ముళ్ళు ఊడిపోయిన గడియారం. దాని కింద లోలకం వేలాడుతుంది, వేలితో తాకితే ఊగుతుంది.

చివరగా పెరటి తలుపు. అక్కడ రెండు మెట్లు దిగాలి, దిగితే స్నానాల గది. ఆ మెట్ల పక్కన పెట్టింది మందుల పెట్టె. పూర్వం ఊరూరా తిరిగే ఏ కాంపౌండరుదో అయ్యుంటుంది, లోపల సీసాలకి గళ్ళున్నాయి. ఆ గళ్ళలో ఒకదాంట్లోనే ఆయన కంటి చుక్కల మందు ఉంటుంది. పెట్టె మూత ఎత్తితే కిర్రుమంటుంది. చెవులు మూసుకోవాలనిపించేంత చప్పుడు.

ఆయన మెట్లు దిగే ముందు ఆ మూత కొంచెం ఎత్తి వదిలేవాడు. మందు కోసం కాదు. వంటింట్లో పొట్టిది కూర తరుగుతూ ఉంటుంది. చెయ్యి ఆగుతుంది. కిర్రు. మళ్ళీ తరుగుతుంది. ఆయన తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి కిర్రు. వెనక్కి తిరిగి చూసేది కాదు. ఆయన మెట్ల దాకా వచ్చాడని, దిగాడని, మళ్ళీ క్షేమంగా ఎక్కాడని దానికి ఆ చప్పుడే చెప్పేది.

దీన్ని గురించి ఆ ఇద్దరూ ఒక్కసారీ మాట్లాడుకోలేదు. అది నాకు బాగా తెలుసు. ఆయన రోజూ, "ఇది ఇల్లా, గోడౌనా?" అని సణిగేవాడు. ఇది, "నా ముచ్చట నాది, మీకేం పోయింది?" అనేది. అలా దెబ్బలాడుకుంటూనే ఆయన ఇల్లంతా ఏ చెయ్యీ పట్టుకోకుండా తిరిగేవాడు. తన టీ తనే తెచ్చుకునేవాడు. బయటికెళ్ళాల్సి వస్తే సంచీ బరువు అని చెప్పి పొట్టిది ఆయన చెయ్యి పట్టుకునేది. కొడుక్కి అనుమానం రాలేదు. వాడు పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. వచ్చాక కూడా వాడికి ఫోనే లోకం. నాన్నకి వయసొచ్చి చూపు మందగించింది, అంతే అనుకున్నాడు.

కొడుకు పెళ్ళయి కోడలు వచ్చింది. మంచి పిల్ల. నేను అంత తొందరగా ఎవర్నీ మంచి అనను. బట్టల షాపులో అద్దాల వెనక నిలబెట్టే బొమ్మలకి బట్టలు తొడిగే పని తనది. ఆ పిల్ల ఇంట్లో కాలు పెట్టగానే గల్లాపెట్టె ముందు చతికిలబడి, "అత్తయ్యా, ఇంత అందమైనవి మా షాపులో కూడా లేవు" అంది. పొట్టిది పొంగిపోయింది. కానీ ఆ పిల్ల మనసులో ఒక బాధ ఉండేది. ఒకరోజు బట్టలు మడత పెడుతూ నాతో అంది. "ఈ ఇంట్లో అన్నీ అత్తయ్య చేసినవే పెద్దత్తయ్యా. నేను చేసింది ఒక్కటీ లేదు."

"వచ్చి ఎన్నాళ్ళయిందే? ఉండు, అంట్లు నీ కోసం ఎదురుచూస్తున్నాయి" అన్నాను. నవ్వింది గానీ బాధ పోలేదు.

ఆ రోజుల్లో నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మా ఇంటి పైకప్పు కారుతుంటే బాగు చేయిస్తున్నాను. పగలు మేస్త్రీల నెత్తిన కూర్చోవడం, రాత్రికి చెల్లెలింటికి రావడం. ఒకరోజు కోడలికి షాపు సెలవు. పొట్టిది కొట్టుకి వెళుతూ మొగుణ్ణి కూడా తీసుకెళ్ళింది. అప్పుడప్పుడు ఆయన అక్కడ కూర్చుని కొట్టాయన తుమ్ముల మధ్య కబుర్లు చెప్పి వస్తుంటాడు. నేను మా ఇంటికి వెళ్ళాను. ఇంట్లో కోడలు ఒక్కతే ఉంది.

సాయంత్రం మేమంతా కాస్త ముందూ వెనగ్గా ఇల్లు చేరాం. తలుపు తీస్తే అది వేరే ఇల్లు.

అబద్ధం చెప్పను, అందంగానే ఉంది. పెట్టెలన్నీ ముందు గదిలో ఒకే గోడకి చేర్చింది. పెద్దవి కింద, చిన్నవి పైన, వాటి మధ్య లాంతరు, లాంతరులో చిన్న దీపం. గడియారం నడి మధ్యకి వచ్చింది. పడవ డబ్బా లాంతరు వెలుగులో నిజంగా నీళ్ళ మీద ఉన్నట్టుంది. పెట్టెల చెక్కకంతా మెరుగు పెట్టింది. ఒక్కో పెట్టెకి ఒక్కో చోట రంగు అరిగిపోయి ఉంటే, ఆ వైపు గోడకి తిప్పేసింది. షాపులో మరక పడ్డ బట్టని బొమ్మకి అలాగే తిప్పి తొడుగుతారట. నడవ, మలుపు, వంటింటి గుమ్మం అన్నీ ఖాళీగా, విశాలంగా ఉన్నాయి. ఆ రోజు పెందలాడే వచ్చిన కొడుకు గుమ్మంలోనే నిలబడి ఫోటోలు తీసుకుంటున్నాడు, పెళ్ళాన్ని చూసి పొంగిపోతూ.

నిచ్చెన లోపలికొచ్చాడు. అలవాటుగా కుడి చెయ్యి వదిలాడు. వేళ్ళకి ఏమీ తగల్లేదు. ఆగిపోయాడు. చెయ్యి ఇంకాస్త కిందికి, ఇంకాస్త ముందుకి. ఏమీ లేదు.

"ఏమైంది నాన్నా?" అన్నాడు కొడుకు.

"చెప్పు తెగినట్టుంది" అన్నాడాయన. అప్పటికే చెప్పులు విప్పి ఉన్నాడు.

పొట్టిది ఒక్క చూపులో అంతా చూసేసింది. "అబ్బ, నా కాలు మెలిపడింది, కాస్త పట్టుకోండి" అని ఆయన మోచెయ్యి పట్టుకుని కుంటుతూ కుర్చీ దాకా నడిపించింది. ఆయన కూర్చున్నాడు.

కోడలు ఎదురుగా వచ్చి నిలబడింది. ముఖం వెలిగిపోతోంది. "ఎలా ఉంది మావయ్యా?"

ఆయనకి ఆ గదిలో కనబడేది లాంతరు వెలుగు ఒక్కటే. ఆ వైపు ముఖం తిప్పి, "చాలా బాగుందమ్మా. దీపం మంచి చోట పెట్టావు" అన్నాడు.

ఆ కూర్చోవడం కూర్చోవడమే. మర్నాడు మోకాలు పట్టేసిందన్నాడు. ఆ మర్నాడూ అదే. టీ వద్దన్నాడు. నీళ్ళు వద్దన్నాడు, తాగితే లేవాల్సి వస్తుంది కదా. కొడుకు పనికి వెళ్ళాక, కోడలు తన గదిలో తయారవుతున్నప్పుడు చూసి పొట్టిది ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళి తీసుకొచ్చేది, దొంగల్లా. కొడుకు రాత్రి వచ్చి గ్లాసు తీసుకెళ్ళి ఇస్తూ, "నువ్వు కదలకు నాన్నా, కూర్చో, ఏం కావాలన్నా మేం తెస్తాం" అన్నాడు. పాపం ప్రేమతోనే అన్నాడు. ఆ మాట విని నిచ్చెన గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాడు. తాగలేదు.

నేను వంటింట్లో దాన్ని పట్టుకున్నాను. "చెప్పేయవే. ఒక్క మాట చెప్తే పోయేదానికి మనిషిని ఎండగడతావా?"

"ఆయన చెప్పమనలేదు."

"ఆయన చెప్పడు. నోరెండి చస్తాడు గానీ చెప్పడు."

"అయితే నేనూ చెప్పను. నువ్వూ చెప్పవు." ఉల్లిపాయ తరుగుతోంది, కళ్ళు తుడుచుకోడానికి మంచి సాకు. "ఆ పిల్ల పాపం ఆ రోజంతా ఒళ్ళు వంచి చేసింది. నువ్వు చేసింది తప్పని ఏ నోటితో చెప్పను? అది చెప్పాలంటే ఇదీ చెప్పాలి. ఇది చెప్తే వాడు ఆయన్ని ఇంక ఆ కుర్చీలోంచి లేవనివ్వడు."

"ఇప్పుడు మాత్రం లేచి గంతులేస్తున్నాడా?"

అది తరుగుతూ, చెయ్యి ఆపి, పెరటి వైపు చెవి పెట్టి, మళ్ళీ తరిగింది. అటు ఎవరూ లేరు. అలవాటు.

సాయంత్రం అది తన తెలివి చూపించబోయింది. తాళాలు పెట్టుకోడానికి వీలుగా ఉంటుందని చెప్పి గల్లాపెట్టెని మళ్ళీ గుమ్మం పక్కకి మోసుకొచ్చింది. కోడలు పరిగెత్తుకొచ్చి దాని చేతిలోంచి తీసుకుని, "అయ్యో అత్తయ్యా, అసలే మావయ్యకి మోకాలు బాగాలేదు, దారిలో ఉంటే తగులుతుంది" అని భద్రంగా తీసుకెళ్ళి గోడ దగ్గరే పెట్టింది. పొట్టిది నా వైపు చూసింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండిట్లో ఏదీ పనికిరాదని కాఫీ పెట్టుకున్నాను.

మరుసటి మధ్యాహ్నం పొట్టిది కొట్టులో ఉంది, కొడుకు పనిలో ఉన్నాడు. కోడలు ఆ రోజు మధ్యాహ్నానికే షాపు నుంచి వచ్చేసింది. నేను నడవ చివర నేల మీద నడుం వాల్చాను. నిచ్చెన ఇంట్లో అలికిడి లేదనుకుని లేచాడు. దాహమై ఉంటుంది. గోడ వైపు చెయ్యి చాపి నెమ్మదిగా నడిచాడు. మలుపు దగ్గర ఆగాడు. చెయ్యి పైకెత్తాడు, ఒకప్పుడు పడవ డబ్బా ఉన్న చోటికి. గాలిలో వేళ్ళు తడిమాయి, అక్కడ తెరచాప ఉన్నట్టు. తర్వాత ముడుచుకున్నాయి. వచ్చిన దారినే వెనక్కి తడుముకుంటూ కుర్చీ చేరాడు. నీళ్ళు తాగలేదు.

తన గదిలోంచి కోడలు ఇదంతా చూసింది. చేతిలో ఇస్త్రీ బట్టలున్నాయి, అవి అలాగే ఉన్నాయి. నేను లేవబోయాను. ఆ పిల్ల నా వైపు చెయ్యి చూపించి ఆగమంది.

బట్టలు మంచం మీద పెట్టి, చప్పుడు కాకుండా గోడ దగ్గరికి వెళ్ళి గల్లాపెట్టెని తిప్పి చూసింది. కుడి వైపు ఇత్తడి మూల అద్దంలా అరిగి ఉంది. మిగతా మూలలు నల్లగానే ఉన్నాయి. డబ్బా తిప్పింది. పడవ మీద రంగు పోయింది, పక్కనున్న ఆకాశం మాత్రం కొత్తగా ఉంది. ఫిడేలు పెట్టెకీ అంతే. తను స్వయంగా గోడకి తిప్పి దాచిన మరకలన్నీ మళ్ళీ ఒక్కొక్కటే చూసుకుంది. తర్వాత మలుపు దగ్గరికి వెళ్ళి, అర ఊడదీసిన చోట గోడకి మిగిలిపోయిన మేకుల మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల చెయ్యి కూడా పైకి సాగదీస్తే గానీ అందలేదు.

నా దగ్గరికొచ్చి కూర్చుని మెల్లగా అడిగింది. "పెద్దత్తయ్యా, అత్తయ్య చెయ్యి అక్కడికి అందుతుందా?"

"స్టూలెక్కితే అందుతుంది."

"మరి ఎవరికి అందాలని పెట్టారు?"

నోరు మూసుకుంటానని మాటిచ్చాను. మూసుకున్నాను. ఇంత కష్టమైన పని నేను జన్మలో చెయ్యలేదు. ఆ పిల్ల నా ముఖం చూసి తల వంచుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి కొంగు దోపుకుంది.

వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "మావయ్యా, ఒక మాట. నాకు బొమ్మలకి బట్టలు తొడగడం వచ్చు. అవి కదలవు కాబట్టి ఎలా నిలబెట్టినా నిలబడతాయి. మనుషులు తిరిగే ఇల్లు సర్దడం నాకు రాలేదు. చూస్తే బాగానే ఉంది గానీ ఇల్లు ఇల్లులా లేదు. మీరు ఇన్నాళ్ళు బోర్డులు రాశారు, ఏ అక్షరం ఎక్కడ పడాలో మీకు తెలుసు. మీరు చెప్పండి, నేను పెడతాను."

ఆ పిల్లకి ఎంత తెలిసిందో ఆయనకి తెలిసిపోయిందని నాకనిపించింది. ఆయన కుర్చీలో కాస్త ముందుకి జరిగాడు.

"మీ అత్తయ్య వస్తే గొడవ చేస్తుంది."

"వచ్చేలోగా అయిపోతుంది."

"గల్లాపెట్టె గుమ్మం పక్కన ఉండాలి" అన్నాడు.

ఆ పిల్ల బల్లతో సహా మోసుకెళ్ళి పెట్టి, దాని మూత మీద వేలి కణుపులతో టక్కుమని కొట్టింది. "ఇక్కడా?"

"ఇంకాస్త ఇటు."

టక్. "ఇక్కడా?"

"ఇప్పుడు తిప్పు. అరిగిన మూల బయటికి."

ఆయన కుర్చీలోంచి లేచి ఆ టక్కు వైపు నడిచాడు. చెయ్యి వదిలాడు. వేళ్ళు ఇత్తడి మీద పడ్డాయి. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఉండిపోయింది. తర్వాత డబ్బా. ఆ పిల్ల స్టూలెక్కి మేకుల మీద అర బిగించి డబ్బా పెట్టి కొట్టింది, ఆయన వచ్చి తెరచాప తడిమాడు. "గాలి ఇటు వీస్తోంది, అటు తిప్పు" అన్నాడు. ఫిడేలు పెట్టె, కుట్టుమిషను మూత, గడియారం, అన్నీ వాటి చోట్లకి వెళ్ళాయి. ఆ పిల్ల ముందు టక్కుమంటూ, ఆయన వెనక నడుస్తూ, ఇల్లంతా అలా దాటారు. రోజూ గోడౌనని తిట్టిన పెద్దమనిషికి ఏ పెట్టె ఏ వైపు తిరిగి ఉండాలో వేలెడు తేడా లేకుండా తెలుసు.

చివరికి పెరటి మెట్ల దగ్గరికి వచ్చారు. మందుల పెట్టె పెట్టింది. ఆయన మూత ఎత్తాడు. ఏ చప్పుడూ లేదు. మళ్ళీ ఎత్తాడు. వెన్నలా లేచింది, వెన్నలా దిగింది.

"దీని గొంతేమైంది?" అన్నాడు.

"నూనె వేశాను మావయ్యా. పాపం కిర్రుమంటోందని."

నిచ్చెన నవ్వాడు. కడుపులోంచి వచ్చిన నవ్వు. ఇన్ని రోజుల తర్వాత ఆ ఇంట్లో విన్నాను దాన్ని. నవ్వి, మెట్లు దిగి, ఎక్కి, వంటింట్లోకి వెళ్ళి కుండలోంచి నీళ్ళు ముంచుకుని గ్లాసుడు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు.

పొట్టిది సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడింది. గల్లాపెట్టె చూసింది, డబ్బా చూసింది, ఆ తర్వాత కోడలి వైపు చూసింది. "నేను పెట్టింది మావయ్యకి నచ్చలేదత్తయ్యా. ఆయన చెప్పినట్టు మార్చాం" అంది ఆ పిల్ల.

"ఆయనకేం తెలుసు సర్దడం?" అంది ఇది. సంచీ కూడా దించకుండా లోపలికెళ్ళిపోయింది.

కొడుకు చీకటి పడ్డాక వచ్చాడు. బూట్లు విప్పుతుంటే తండ్రి లేచాడు. "కూర్చో నాన్నా, నీళ్ళు నేను తెచ్చుకుంటాను" అన్నాడు వాడు. ఆయన వినలేదు. గడియారాన్ని వేలితో ఊపి, కుట్టుమిషను మూతని అరచేత్తో తాకి, వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. ఒక్క చుక్క ఒలకలేదు. అప్పుడు చెప్పాడు.

"నాకు కళ్ళు కనబడవురా. లాంతరు వెలుగు తెలుస్తుంది, అంతే. చాలా రోజులైంది."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "కూర్చో నాన్నా" అన్నాడు మళ్ళీ.

"కూర్చోను" అన్నాడు నిచ్చెన. "నిలబడి చెప్తున్నాను. నిలబడే ఉంటాను. ముందు నువ్వు నీళ్ళు తాగు."

వాడు తాగాడు. తాగి, తండ్రి చెయ్యి పట్టుకోబోయి, ఆగి, వెనక్కి తీసుకున్నాడు. వాడి మీద నాకున్న కోపం సగం ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడంతో పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను, అవసరం పడుతుంది.

ఇంక మిగిలింది మందుల పెట్టె. మూత మూగబోయాక పొట్టిదానికి కాలు నిలవడం లేదు. కూర తరుగుతూ తరుగుతూ పెరటి వైపు తొంగి చూడడం, మళ్ళీ రావడం, మళ్ళీ చూడడం. కూర మాడిపోయేది. కోడలు అది కూడా కనిపెట్టింది. కిరసనాయిల్లో దూది ముంచి మూత మడతబందులకి పట్టిన నూనె అంతా కడిగేసింది. ఉప్పునీళ్ళు రాసింది. కొట్టుకి వెళ్ళి, పెట్టె మూత మళ్ళీ కిర్రుమనాలంటే ఏం చెయ్యాలని కొట్టాయన్ని అడిగింది. "ఇంత కాలం చప్పుడు మాన్పించమని వచ్చారు గానీ చప్పుడు పుట్టించమని వచ్చిన మనిషివి నువ్వేనమ్మా" అని తుమ్మాడట ఆయన. తుప్పు పట్టే దాకా ఓపిక పట్టమన్నాడు. ఇంటిల్లిపాదీ తుప్పు కోసం ఎదురుచూశాం. వచ్చి వచ్చి వానలొచ్చాయి, గాలిలో తడి ఎక్కింది.

మా ఇంటి కప్పు పని అప్పటికి ఎప్పుడో అయిపోయింది. అయినా నేనింకా వెళ్ళలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. ఒక పొద్దున పొట్టిది బెండకాయలు తరుగుతోంది. నేను పక్కన కాడలు తీస్తున్నాను. కోడలు పొయ్యి దగ్గర ఉంది. నిచ్చెన నడవలోంచి పెరటి వైపు వెళ్ళిన అలికిడి అయింది. పొట్టిదాని చెయ్యి ఆగింది.

కిర్రు.

సన్నగా, బొంగురుగా, జలుబు చేసిన గొంతులా వచ్చింది. కానీ వచ్చింది. కోడలు గరిట పట్టుకుని కదలకుండా నిలబడింది.

"ఏమోయ్, మళ్ళీ మొదలెట్టింది నీ చెత్త" అన్నాడు పెరట్లోంచి.

"నూనె వేయమంటారా?" అంది పొట్టిది.

"వేశావంటే ఊరుకోను."

మెట్లు దిగిన చప్పుడు. నీళ్ళ చప్పుడు. మళ్ళీ మెట్లెక్కిన చప్పుడు. ఇంకోసారి కిర్రు, ఈసారి కావాలని కాస్త గట్టిగా. పొట్టిది వెనక్కి తిరిగి చూడలేదు. బెండకాయలు తరుక్కుంటూ కూర్చుంది.